ప్రాసెసర్ వేడి: మా కుర్రాళ్లకు చెప్పే పాఠాలు

రోహిణి కార్తె వచ్చిందంటే విజయవాడలో కంప్యూటర్లు బాగుచేసేవాడికి భోజనానికి కూడా తీరిక ఉండదు. ఫోటో స్టూడియోల వాళ్లు, డీటీపీ సెంటర్ల వాళ్లు, ఇంజనీరింగ్ పిల్లలు, ఇంట్లో కూర్చుని జీఎస్టీ లెక్కలు చూసుకునే అకౌంటెంట్లు, అందరి నోటా ఒకటే మాట: "ప్రాసెసర్ తొంభై చూపిస్తోందండీ, కాలిపోతుందేమో చూడండి." వీళ్లలో చాలామందికి భయపడాల్సిన పనే లేదు. నిజంగా భయపడాల్సిన వాళ్లేమో మిషన్ దానంతటదే ఆగిపోయేదాకా నిశ్చింతగా ఉంటారు.

వేడికి ఒక దారి ఉంటుంది. చిప్పులో పుడుతుంది, పైనున్న లోహపు మూతలోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి పేస్టు దాటి హీట్ సింక్‌లోకి, హీట్ సింక్ రేకుల నుంచి ఫ్యాను గాలిలోకి, కేబినెట్ నుంచి గదిలోకి పోతుంది. ఆ దారిలో ఎక్కడ అడ్డం పడిందో కనిపెట్టడమే మన పని. కొత్త సామాను కొనడం ఆ తర్వాతి మాట. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకు చెబుతూ వచ్చినవే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇవన్నీ డెస్క్‌టాప్ గురించే. ల్యాప్‌టాప్ లెక్క వేరు.

1. అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు

ఏ ప్రాసెసర్, ఆ సమయంలో ఏం పని చేస్తోంది, గదిలో వేడి ఎంత? ఈ మూడూ తెలియకుండా తొంభై అనే అంకెకు అర్థం లేదు.

ప్రతి ప్రాసెసర్‌కీ తయారుచేసిన కంపెనీ ఒక హద్దు పెడుతుంది. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పుల్లో ఎక్కువ వాటికి అది 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 5 5600కీ, రైజెన్ 7 5800ఎక్స్‌కీ 90. రైజెన్ 7000 వరసలో చాలావాటికి 95, అందులోనే 7800ఎక్స్3డీకి మాత్రం 89. 2022లో ఆ 7000 వరస వచ్చినప్పుడు, పెద్ద పని పడితే 95 దాకా వెళ్లి అక్కడ నిలబడి పనిచేసేలా దాన్ని తయారుచేశామని ఏఎండీయే చెప్పింది. కాబట్టి 7950ఎక్స్ మీద వీడియో రెండరింగ్ నడుస్తున్నప్పుడు 95 కనిపిస్తే అది దాని స్వభావం. ఒక పాత ఐ3 మీద వర్డ్ ఫైలు టైపు చేస్తుంటే అదే 95 కనిపిస్తే అది జబ్బు.

"డెబ్భై దాటకూడదు" అనే మాట మార్కెట్లో ఇంకా తిరుగుతూనే ఉంది. కోర్ 2 రోజుల్లో ఇంటెల్ తన హద్దును చిప్పు లోపల కాకుండా పైమూత మధ్యలో కొలిచి ఇచ్చేది. క్యూ6600కి మొదట వచ్చిన రకంలో అది 62.2, తర్వాత వచ్చిన రకంలో 71. ఇవాళ సాఫ్ట్‌వేర్లో మీరు చూసేది కోర్ దగ్గరి వేడి, అది మూత మీది వేడికన్నా ఎప్పుడూ ఎక్కువే. మూతకు పెట్టిన హద్దును తెచ్చి కోర్‌కు పెడితే నిక్షేపంలాంటి మిషన్‌కు కూడా లేని రోగం అంటగట్టినట్టే.

నా పద్ధతి చెబుతాను. పెద్ద పనిలో కంపెనీ హద్దుకు పది పదిహేను డిగ్రీలు దిగువన ఉంటే నేను ముట్టుకోను. ఐదు డిగ్రీల లోపుకు వచ్చిందా, అది 7000 వరసలాంటిది కాకపోతే, కేబినెట్ తెరుస్తాను.

2. గది వేడిని తీసేసి చూడాలి

అన్నిటికన్నా ఎక్కువ మంది మరిచిపోయేది ఇదే. ఫ్యాను కూలరైనా, నీళ్ల కూలరైనా ప్రాసెసర్‌ను గది గాలికంటే చల్లగా చెయ్యలేదు. అది చెయ్యగలిగిందల్లా గది వేడి మీద ఎంత పెరుగుతుందో ఆ పెరుగుదలను తగ్గించడమే. అదే కూలర్, అదే పని అయితే ఆ పెరుగుదల ఇంచుమించు అంతే ఉంటుంది.

సంక్రాంతి నాడు గదిలో 22 డిగ్రీలు, ప్రాసెసర్ 68 అనుకుందాం. పెరుగుదల 46. మే నెలలో మధ్యాహ్నం అదే గదిలో 40 ఉంటే ప్రాసెసర్ 86కు అటూ ఇటూగా చూపిస్తుంది. మిషన్లో ఏదీ పాడవలేదు, ఎండ పెరిగిందంతే. కానీ అదే మే నెలలో 98 చూపిస్తే పెరుగుదల 58కి చేరినట్టు. పన్నెండు డిగ్రీలు ఎక్కడో దారిలో ఇరుక్కుపోయాయి. వెతకాల్సింది ఆ పన్నెండింటిని.

కొనేముందు యూట్యూబ్‌లో కూలర్ల పరీక్షలు చూసేవాళ్లకు కూడా ఇదే చెబుతాను. వాటిలో చాలావరకు 20, 25 డిగ్రీల గదుల్లో చేసినవి. ఏసీ లేని మన గదికి, మన మే నెలకు, ఆ అంకెల మీద ఇంకో పదిహేను ఇరవై వేసుకుని చదవాలి. అక్కడ "75, బ్రహ్మాండం" అన్న కూలర్ రెంటచింతలలో ఏసీ లేని గదిలో 95 దగ్గర నిలబడుతుంది.

గోడకు తగిలించే చిన్న థర్మామీటరు కొనండి. దాన్ని హాల్లో పెట్టి లాభం లేదు, కేబినెట్ గాలి పీల్చుకునే చోట పెట్టండి. తలుపున్న టేబుల్ అరలో వేడి, గది మధ్యలో వేడి ఒకటి కావు.

3. ఖాళీగా ఉన్నప్పుడు వేడెక్కితే ముందు సాఫ్ట్‌వేర్ చూడాలి

ఏ ప్రోగ్రామూ తెరవకుండా వదిలేసినా వేడి దిగడం లేదంటే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు టాస్క్ మేనేజర్ తెరవండి. విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ స్కానింగ్ వెనకాల నడుస్తుండవచ్చు. అవి కాసేపటికి వాటంతటవే ఆగుతాయి. ఆగనిది ఒకటుంది: క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో పాటు లోపలికొచ్చి, మీ ప్రాసెసర్‌తో ఎవరికో క్రిప్టో నాణేలు తవ్విపెట్టే మైనర్. కొన్ని మైనర్లు టాస్క్ మేనేజర్ తెరవగానే పని ఆపేసి దాక్కుంటాయి. వేడి అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉంచి చూడండి. టాస్క్ మేనేజర్ తెరిచిన మరుక్షణం వేడి ఇరవై డిగ్రీలు పడిపోయి, మూయగానే మళ్లీ ఎక్కితే దొంగ దొరికినట్టే. అలాంటి మిషన్‌కు పేస్టు మార్చి డబ్బు తీసుకోవడం పాపం.

బయోస్‌లో చూసిన అంకె పట్టుకుని కంగారుపడొద్దు. అక్కడ ప్రాసెసర్ విశ్రాంతి స్థితుల్లోకి వెళ్లదు కాబట్టి, విండోస్‌లో ఖాళీగా ఉన్నప్పటికంటే ఎక్కువే చూపిస్తుంది. అలాగే రైజెన్లు ఖాళీగా ఉన్నా పది డిగ్రీలు పైకి కిందికి ఊగుతుంటాయి. అది వాటి తీరు.

4. వేడి ఎంత అన్నదానికన్నా ఎలా ఎక్కిందన్నది ఎక్కువ చెబుతుంది

ప్రాసెసర్‌కు నిండా పని పెట్టే సినీబెంచ్ పది నిమిషాలు నడపండి, పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉంచండి. ప్రైమ్95లో చిన్న ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్ష మీ రోజువారీ పనులన్నిటికంటే కఠినం. దాన్ని చూసి మిషన్ పనికిరాదనుకోకండి.

అంకె ఎక్కే తీరును కన్నార్పకుండా చూడండి. పని మొదలైన రెండు మూడు సెకన్లలో నలభై నుంచి తొంభై అయిదుకు దూకితే, చిప్పులో పుట్టిన వేడి హీట్ సింక్‌లోకి ఎక్కడం లేదు. పేస్టు ఎండిపోయిందో, కూలర్ కాలు ఊడిందో, కూలర్ అడుగునున్న ప్లాస్టిక్ పొర తియ్యకుండానే బిగించారో, నీళ్ల కూలరైతే పంపు ఆగిందో, వీటిలో ఒకటి. అలా కాకుండా పది పదిహేను నిమిషాల్లో మెల్లగా ఎక్కుతూ పోతే హీట్ సింక్ తన పని చేస్తోంది, కేబినెట్లో గాలే ఆడటం లేదు.

దిగే తీరు కూడా అంతే. పని ఆపగానే ఒక్క సెకనులో నలభై డిగ్రీలు పడిపోతే హీట్ సింక్ చల్లగానే ఉంది, వేడి దాన్ని చేరనే లేదు. మెల్లగా దిగితే హీట్ సింక్ వేడితో నిండిపోయి ఉంది.

మా కుర్రాళ్లతో చేత్తో కూడా చూడమంటాను. మిషన్ ఆపి, ప్లగ్గు పీకి, ఫ్యాను పూర్తిగా ఆగాక హీట్ సింక్ అడుగుభాగాన్ని పక్క నుంచి వేలితో జాగ్రత్తగా తాకండి. తెర మీద 98 చూపించిన మిషన్లో హీట్ సింక్ గోరువెచ్చగా ఉందంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. పేస్టు, బిగింపు చూసుకోవడమే.

5. పక్క తలుపు తీసి మళ్లీ నడపాలి

పైసా ఖర్చు లేని పరీక్ష. కేబినెట్ పక్క తలుపు తీసి అదే పని మళ్లీ చేయించండి. వేడి ఎనిమిది పది డిగ్రీలు తగ్గితే తప్పు కేబినెట్‌ది. రెండు మూడు డిగ్రీలకు మించి కదలకపోతే తప్పు కూలర్‌ది. అయితే తలుపు తీసి శాశ్వతంగా వదిలేయొద్దు. దుమ్ము, బల్లులు, చిన్నపిల్లల చేతులు లోపలికి వెళ్తాయి.

6. దుమ్ము పైకి కనిపించే చోట ఉండదు

మన ప్రాంతపు దుమ్ము ఒక్క రకం కాదు. గుంటూరు మిర్చి గోడౌన్ల పక్కనుంచి వచ్చే మిషన్ తెరిస్తే ముందు మాస్కు కట్టుకోవాలి, లేకపోతే రోజంతా తుమ్ములే. పత్తి మిల్లుల ఆఫీసుల మిషన్లలో నూగు పరుపులా పేరుకుంటుంది. దేవుడి గూటి కింద కంప్యూటర్ పెట్టుకునే ఇళ్లున్నాయి. అగరొత్తుల పొగ, దీపం మసి రేకులకు అంటుకుని నల్లగా గట్టిపడతాయి. అన్నిటికన్నా మొండిది వంటింటి పక్క గది. తాలింపు నూనె ఆవిరి రేకుల మీద జిగురు పూతలా పడుతుంది, దాని మీద వాలిన దుమ్ము ఏ బ్లోయర్‌కూ రాదు. అలాంటి హీట్ సింక్‌ను విప్పి, ఫ్యాను వేరుచేసి, రేకులను మాత్రం సబ్బు నీళ్లలో బ్రష్షుతో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాలి.

పై నుంచి చూసి "శుభ్రంగానే ఉంది" అనేవాళ్లను ఎంతమందినో చూశాను. ఫ్యాను రెక్కల మధ్య నుంచి తొంగిచూస్తే ఏమీ తెలియదు. దుమ్ము ఫ్యానుకూ హీట్ సింక్‌కూ మధ్య, రేకుల పైఅంచున పడుతుంది. ఫ్యాను తీసి చూస్తే ఉన్నిగుడ్డ ముక్కలా ఒక్క చెక్కగా లేస్తుంది. ఆ ఒక్క చెక్క తీసినందుకే పదిహేను డిగ్రీలు దిగిన మిషన్లున్నాయి.

శుభ్రం చేసేటప్పుడు ప్లగ్గు పీకి, వీలైతే వరండాలోకో డాబా మీదికో తీసుకెళ్లండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితోనో పెన్సిల్‌తోనో ఆపి పట్టుకోవాలి. గాలికి అది గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది, మోటారు కరెంటు పుట్టించి బోర్డులోకి పంపే ప్రమాదం కూడా ఉంది. తడిగుడ్డ బోర్డు దరిదాపులకు రానివ్వొద్దు. ఎస్‌ఎంపీఎస్ లోపల బల్లి చచ్చి ఉన్నట్టు వాసన వచ్చినా దాన్ని మీరు విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా అందులోని కెపాసిటర్లలో ప్రాణం తీయగల కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది.

7. పేస్టు పని ఖాళీలు నింపడమే

ప్రాసెసర్ మూత, హీట్ సింక్ అడుగు, రెండూ చూడటానికి అద్దంలా ఉంటాయి. నిజానికి వాటి మీద కంటికి కనిపించని గుంటలుంటాయి. ఆ గుంటల్లో గాలి ఉంటే వేడి కదలదు. వేడిని మోసే శక్తి గాలికి 0.026 అయితే, మామూలు మంచి పేస్టుకు 5 నుంచి 10, రాగికి 400 దగ్గర. పేస్టు గాలి కంటే వందల రెట్లు మేలు, రాగితో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి గాలి ఉండే చోట ఉండాలి, లోహం లోహాన్ని తాకే చోట అడ్డం రాకూడదు. గోడకు సున్నం కొట్టినట్టు మందంగా పూసే వాళ్లకు ఇదే నా జవాబు. మామూలు సైజు ప్రాసెసర్‌కు మధ్యలో బఠానీ గింజంత చాలు, కూలర్ బిగువే దాన్ని పరుస్తుంది.

పాత కూలర్ ఊడదీసే ముందు మిషన్ కొన్ని నిమిషాలు నడిపి వేడెక్కించండి, పేస్టు మెత్తబడుతుంది. ఏఎం4 బోర్డుల్లో ప్రాసెసర్‌కు కింద పిన్నులుంటాయి. ఎండిన పేస్టుతో అతుక్కున్న కూలర్‌ను నిలువునా లాగితే సాకెట్ తాళం వేసి ఉండగానే ప్రాసెసర్ ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. కుడికీ ఎడమకూ మెల్లగా తిప్పుతూ అతుకు విడిపించాకే పైకెత్తాలి. పాత పేస్టు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు ఊడని గుడ్డ వాడండి. టూత్‌పేస్టు పూసి చూపించే వీడియోలున్నాయి. అది కొద్ది రోజుల్లోనే ఎండి పెచ్చులూడుతుంది. లిక్విడ్ మెటల్ జోలికి అసలే వెళ్లకండి. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, చుక్క జారి బోర్డు మీద పడితే షార్టవుతుంది.

ఏటా మార్చాలన్న నియమమేమీ లేదు. మంచి పేస్టు మూడు నాలుగేళ్లు సులువుగా వస్తుంది. గది వేడి మీద పెరుగుదల ఎక్కువైనప్పుడు మార్చండి.

8. నాలుగు కాళ్లూ దిగాయో లేదో వెనక నుంచి చూడాలి

నూజివీడు నుంచి పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే కుర్రాడొకడు కేబినెట్ ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. ఐ5-10400, కంపెనీ ఇచ్చిన కూలర్. ఫోటోలు ఎక్స్‌పోర్ట్ కొట్టగానే 100 తాకుతోంది, స్పీడు పడిపోతోంది, రాత్రికి అయ్యే ఆల్బమ్ తెల్లారినా కావడం లేదు. ఎవరో ప్రాసెసరే పోయిందన్నారు, ఇంకెవరో నీళ్ల కూలర్ పెట్టమన్నారు. "బాబాయ్ గారూ, ముహూర్తాల రోజులు, రేపటికల్లా కావాలి" అన్నాడు. "కూర్చో నాయనా, ముందు దాన్ని చూడనీ" అన్నాను.

కేబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి కూలర్ మీద వేలు పెడితే ఒక మూల కదిలింది. ఇంటెల్ ఇచ్చే ఆ కూలర్‌కు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ కాళ్లు. ఒక్కో కాలి తల మీద ఒక బాణం గుర్తు. అది చూపించే వైపు తిప్పితే కాలు విడిపోతుంది. బిగించే ముందు ఎదురు దిశలో చివరిదాకా తిప్పి ఉంచాలి. తర్వాత ఒక మూల, దాని ఎదురు మూల, ఇలా ఐమూలగా నొక్కాలి. టక్‌మని శబ్దం రావాలి. ఆ కుర్రాడి మిషన్లో మూడు కాళ్లు దిగాయి, నాలుగోదాని తెల్ల ప్లాస్టిక్ రంధ్రంలో సగం దాకానే ఉంది. కూలర్ ఒక పక్కకు లేచింది. మూత మీద పేస్టు చూస్తే సగం పలచగా నలిగి, మిగతా సగం పూసినది పూసినట్టే ఉంది.

పాత పేస్టు తుడిచి, కొత్తది పెట్టి, కాళ్లు నాలుగూ నొక్కి, బోర్డు వెనక్కి తిప్పి చూపించాను. రంధ్రంలోంచి తెల్లని చీలికలు బయటికొచ్చి, వాటి మధ్యలో నల్లపిన్ను నిండుగా కనిపించాలి. నాలుగుచోట్లా అలా ఉంటేనే బిగింపు పూర్తయినట్టు. ఎక్స్‌పోర్ట్ పెడితే డెబ్భైల్లో నిలబడింది. అతనికి అయిన ఖర్చు పేస్టు డబ్బులు, బస్సు చార్జీలు.

పల్లెటూళ్ల నుంచి ఆటోల్లో, బస్సుల్లో కుదుపులు తింటూ వచ్చే మిషన్లకు ఈ జబ్బు ఎక్కువ. మిషన్ ఇల్లు మారినా, ఊరు మారినా ముందు కూలర్ను వేలితో కదిపి చూడండి.

9. గాలికి రావడానికో దారి, పోవడానికో దారి

ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనక నుంచీ పై నుంచీ వేడిగాలి బయటికి. ఇంతకు మించి శాస్త్రం లేదు. ఫ్యాను చట్రంలో మోటారును పట్టుకునే అడ్డకమ్ములు ఏ వైపు ఉంటే గాలి మామూలుగా ఆ వైపుకు పోతుంది. బిగించాక పలచటి కాగితం ముక్క పట్టుకుని చూసుకోండి. ముందు రెండు, వెనక ఒకటి ఉంటే మామూలు మిషన్‌కు చాలు.

ముందువైపు గాజు పలక, లోపల రంగురంగుల లైట్లు ఉన్న కేబినెట్లు కొనేవాళ్లకు నా విన్నపం: ఆ గాజుకూ చట్రానికీ మధ్య గాలి దూరే సందు ఎంతుందో వేలు పెట్టి చూడండి. మన ఎండలకు ముందు జాలీ ఉన్న కేబినెట్టే సరి.

ఇక కంప్యూటర్ టేబుళ్లు. అడుగున కేబినెట్ కోసం అర, దానికి వెనక చెక్క, ముందు తలుపు. బయటికొచ్చిన వేడిగాలినే మళ్లీ మళ్లీ పీల్చుకుంటూ లోపల ఉడికిపోతుంది. వెనక చెక్క కోయించండి, లేదా కేబినెట్ బయట పెట్టండి. గోడకు కనీసం జానెడు ఎడం ఉండాలి. దుమ్ము పడుతుందని కప్పిన ప్లాస్టిక్ కవర్ తియ్యకుండానే మిషన్ ఆన్ చేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

10. పుట్టే వేడినే తగ్గించవచ్చు

ఈ పాఠం ఈ మధ్య ఏళ్లలో బాగా అవసరమైంది. పెట్టె మీద 65 వాట్లని ఉంటుంది. ఐ5-12400కి ఆ 65 మామూలు పనికి, జోరు మీద అది 117 వాట్లదాకా తాగుతుంది. ఐ7-12700 మీద కూడా 65 అనే ఉంటుంది, జోరు మీద 180. ఐ9-13900కె అయితే 253. పైగా చాలా మదర్‌బోర్డులు కంపెనీ పెట్టిన ఆ హద్దును కూడా తీసేసి, ఎంత తాగితే అంత తాగమని వదిలేస్తాయి. ఆ వాట్లన్నీ వేడిగా బయటికి రావాల్సిందే. కూలర్ చాలడం లేదని తిట్టే ముందు బయోస్‌లో పవర్ లిమిట్లు చూడండి. ఇంటెల్ చెప్పిన అంకెలు పెట్టండి, చాలాసార్లు వేడి అక్కడే దారికొస్తుంది.

ఏఎండీలో ఈకో మోడ్ అని ఉంటుంది. 105 వాట్ల రైజెన్‌ను 65 వాట్ల తరగతికి దించితే సాకెట్ నుంచి తీసుకునేది 88 వాట్లకు పరిమితమవుతుంది. రెండరింగ్ కొంచెం ఆలస్యమవుతుంది, ఆఫీసు పనిలో తేడా కనిపించదు, వేడి మాత్రం బాగా దిగుతుంది. మే నెలంతా ఈకో మోడ్‌లో పెట్టుకోమని నేను మొహమాటం లేకుండా చెబుతాను.

ఓల్టేజీ తగ్గించడం ఇంకో మార్గం. చిప్పు తాగే పవర్ స్పీడుకు నేరుగా, ఓల్టేజీకి వర్గంగా పెరుగుతుంది. ఓల్టేజీ పది శాతం తగ్గితే, స్పీడు అదే ఉన్నా, పవర్ దాదాపు 19 శాతం తగ్గుతుంది. కొద్దికొద్దిగా తగ్గిస్తూ ప్రతిసారీ పరీక్ష నడపాలి. హ్యాంగయినా, నీలం తెర వచ్చినా ఒక మెట్టు వెనక్కి రావాలి. అంత ఓపిక లేనివాళ్లు విండోస్ పవర్ ఆప్షన్లలో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి దించితే చాలా మిషన్లలో టర్బో ఆగిపోతుంది. స్పీడు తగ్గుతుంది, కొత్త కూలర్ వచ్చేదాకా పని నడుస్తుంది.

వేడి అంకె బాగున్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు కొన్ని కారణం తెలియకుండా క్రాష్ అవుతుంటే, మైక్రోకోడ్ లోపం వల్ల చిప్పు మితిమీరిన ఓల్టేజీ అడుగుతోందని ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టులో సరిచేసిన మైక్రోకోడ్ విడుదల చేసి, వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ తరాల మిషన్ మీ దగ్గరుంటే బయోస్ అప్‌డేట్ అయిందో లేదో ఇవాళే చూసుకోండి. ఒకసారి దెబ్బతిన్న చిప్పును అప్‌డేట్ బాగుచెయ్యదు.

11. కూలర్ కొనాల్సి వస్తే

పై పనులన్నీ చేశాక కూడా పెరుగుదల తగ్గకపోతే కొనండి. 65 వాట్లలోపు నడిచే ఐ3, ఐ5కి కంపెనీ కూలర్ చాలు. అంతకు మించితే 120 మిల్లీమీటర్ల ఫ్యాను, నాలుగు హీట్ పైపులున్న టవర్ కూలర్, రెండు మూడు వేల రూపాయల్లో వస్తుంది. కేబినెట్లో దాని ఎత్తు పడుతుందా, ర్యాముకు తగులుతుందా అన్నది ముందే కొలుచుకోండి.

నీళ్ల కూలర్ 200 వాట్లు దాటి గంటలకొద్దీ రెండరింగ్ చేసేవాళ్లకు. మిగతావాళ్లకు అక్కర్లేదన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం. ఫ్యాను ఆగితే కళ్లకు కనిపిస్తుంది, పంపు ఆగితే కనిపించదు. పెట్టుకున్నవాళ్లు రేడియేటర్‌ను పైన బిగించుకోండి. పంపు అన్నిటికన్నా ఎత్తులో ఉంటే గాలి బుడగలు అందులోకే చేరతాయి.

12. ఎప్పుడు నిజంగా ఆపేయాలి

2001 ప్రాంతంలో ఏఎండీ ఆథ్లాన్ మీద హీట్ సింక్ ఊడితే చిప్పు సెకన్లలో కాలిపోయేది. అదే కాలపు పెంటియం 4 స్పీడు తగ్గించుకుని బతికేది. ఇప్పటి ప్రాసెసర్లన్నీ ముందు స్పీడు తగ్గించుకుంటాయి, అప్పటికీ కాకపోతే మిషన్‌నే ఆపేస్తాయి. అందుకే వేడికి ప్రాసెసర్ చచ్చిపోవడం నేను చాలా అరుదుగా చూశాను.

చచ్చేవి దాని చుట్టుపక్కల ఉన్నవి. మదర్‌బోర్డు మీదా, ఎస్‌ఎంపీఎస్‌లోనూ ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి పది డిగ్రీలకూ సుమారు సగానికి పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. పైకప్పు ఉబ్బిన కెపాసిటర్లు కనిపిస్తే బోర్డు ఇంక ఎన్నాళ్లో రాదు. హార్డ్ డిస్కులకు కూడా కేబినెట్లో మగ్గిన వేడి చేటే. హఠాత్తుగా ఆగిపోయిన మిషన్‌తో పాటు సేవ్ చెయ్యని పని పోతుంది, ఒక్కోసారి ఫైలే చెడిపోతుంది.

కాబట్టి ఆన్ చెయ్యగానే ఫ్యాను ఎర్రర్ అనో, ఓవర్ టెంపరేచర్ అనో వచ్చినా, పని మధ్యలో దానంతటదే ఆగిపోయినా, ఫ్యాను తిరగకపోయినా మళ్లీ మళ్లీ ఆన్ చెయ్యకండి. ముందు బ్యాకప్ ఉందో లేదో చూసుకోండి, తర్వాత కేబినెట్ తెరవండి.

ఉగాది లోపు ఒక ఆదివారం ఖాళీ చేసుకుని దుమ్ము దులపండి. పది నిమిషాలు సినీబెంచ్ నడిపి తేదీ, గది వేడి, ప్రాసెసర్ వేడి ఒక కాగితం మీద రాసి కేబినెట్ లోపలి వైపు అతికించండి. రేపు ఎప్పుడైనా రిపేరుకు ఇవ్వాల్సి వస్తే, మిషన్ ఎవరికిచ్చినా ముందు ఆ కాగితం చూపించండి.